తీగ చేరని ఊళ్ళ లెక్క



ఈ రోజు ఇంటర్నెట్ గురించి మాట్లాడుకుందాం. ఫోన్లో ఏం చూడాలి, ఏం చూడకూడదు అన్న చర్చ కాదు ఇది. నెట్ ఏ ఊరికి వస్తోంది, ఏ ఊరికి రావడం లేదు, వచ్చిన చోట ఎంత పడుతోంది, రాని చోట మనిషి ఎంత చెల్లిస్తున్నాడు అన్నదే విషయం. వనపర్తి జిల్లా ఆత్మకూరును మధ్యలో పెట్టుకొని, అటు గద్వాల, ఇటు నాగర్‌కర్నూల్ వైపు చూస్తూ ఈ లెక్క వేద్దాం.

ఆత్మకూరు పాత సంస్థానపు ఊరు. ఇప్పుడు మున్సిపాలిటీ. జూరాల ఆనకట్ట మీదుగా కృష్ణ దాటితే గద్వాల వస్తుంది. కొత్తకోట వైపు వెళితే హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. సికింద్రాబాద్ నుంచి డోన్ వెళ్ళే రైలు మార్గం వనపర్తి రోడ్, గద్వాల స్టేషన్ల మీదుగా పోతుంది. దేశంలో దూర ప్రాంతాలను కలిపే ఆప్టికల్ ఫైబర్ తీగలు ఎక్కువగా ఇలాంటి రహదారుల పక్కన, రైలు పట్టాల వెంట పరుచుకొని ఉంటాయి. పట్టాల వెంట ఫైబర్ వేయడానికే 2000 సంవత్సరంలో రైల్వే శాఖ రైల్‌టెల్ అనే సంస్థను పెట్టింది. అంటే మన ప్రాంతం దారికి దూరంగా ఎక్కడో మూల పడి లేదు. పెద్ద తీగ వెళ్ళే దారులు మన పొలాల పక్కనే ఉన్నాయి. కష్టమంతా అక్కడి నుంచి మన గడప దాకా రావడంలోనే ఉంది.

ఆత్మకూరు బస్టాండు చుట్టుపక్కల ఉన్నవారికి ఎంచుకోవడానికి ఒకటికి రెండు కంపెనీలు ఉండవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలు కాబట్టి అక్కడ ఇంకొంచెం మేలు. మండల కేంద్రం దాటి నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోతే పరిస్థితి మారుతుంది. కేబుల్ టీవీ నడిపే ఆపరేటరే నెట్ కూడా ఇస్తుంటే ఇస్తాడు, లేకపోతే లేదు. ఇంకా లోపలికి, తండాల్లోకి వెళితే తీగ మాటే ఉండదు, ఫోను సిగ్నలే దిక్కు. కృష్ణ రెండు పాయల మధ్య గద్వాల మండలంలో గుర్రంగడ్డ ఉంది. చుట్టూ నీళ్ళు, పడవ మీద రాకపోకలు. అలాంటి దీవి ఊరికి తీగ తీసుకెళ్ళడానికి ఏ వ్యాపారి తనంతట తాను ముందుకు వస్తాడు? నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు పెంటలు, అంటే చెంచుల గూడేలు, ఉన్నాయి. అక్కడ టవరు నిలపాలన్నా, తీగ లాగాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సులో వెళ్ళిన ప్రతివారికీ తెలుసు, అడవిలోకి ప్రవేశించాక ఫోను ఎక్కడ మూగబోతుందో.

ఇప్పుడు ధర సంగతి. చాలామంది "నెట్ రేటు దేశమంతా ఒకటే కదా" అంటారు. కాగితం మీద అది నిజమే. పెద్ద కంపెనీల ప్లాన్లు హైదరాబాద్‌లో ఎంతో, గద్వాలలోనూ అంతే. తేడా ప్లాను కాగితంలో కనపడదు. ఆ ప్లాను మీ వీధికి వస్తుందా రాదా అన్న దగ్గర మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జియో సంస్థ 2020 సెప్టెంబరులో ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు 399 రూపాయల ప్లాను తెచ్చింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 471 రూపాయలు. 30 ఎంబీపీఎస్ వేగం. నెలకు 3,300 జీబీ దాకా వాడుకోవచ్చు. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురూ, టీవీ ఉంటే టీవీ, పిల్లల కంప్యూటర్ ఉంటే అదీ, అన్నీ ఆ ఒక్క తీగ మీదే నడుస్తాయి.

తీగ రాని ఊళ్ళో అదే కుటుంబం ఏం చేస్తుంది? ఫోను రీఛార్జి చేసుకుంటుంది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక, అదే జియోలో రోజుకు 2 జీబీ చొప్పున 28 రోజులకు 349 రూపాయలు అయింది. అంటే 56 జీబీ. ఒక్కో జీబీకి ఆరు రూపాయల పైమాట. నలుగురికి నాలుగు ఫోన్లయితే 1,396 రూపాయలు. పైగా ఇది నెలకు కాదు, 28 రోజులకు. ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు కట్టాలి. ఒక్క ఫోనుకు ఏడాదికి 4,537 రూపాయలు, నాలుగు ఫోన్లకు 18 వేలు దాటుతుంది.

లెక్క సరిగ్గా వేద్దాం. ఇంట్లో తీగ ఉన్నవాళ్ళు కూడా బయటికి వెళ్ళినప్పుడు మాట్లాడుకోవడానికి చిన్న రీఛార్జి వేసుకోవాలి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అప్పటి 189 రూపాయల చిన్న రీఛార్జి నలుగురికీ వేస్తే 756 రూపాయలు. ఇంటి తీగ 471. రెండూ కలిపి 1,227. తీగ లేని ఇంటి ఖర్చు కంటే అది తక్కువే. తీగ ఉన్న ఇంటికి వేల జీబీలు అందుతున్నాయి. తీగ లేని ఇంటికి, ఫోను ఒక్కింటికి రోజుకు రెండు జీబీ దాటగానే చక్రం తిరగడం మొదలవుతుంది. తక్కువ దొరికేవాడే ఎక్కువ కడుతున్నాడన్నమాట.

తీగ రాని చోట గాలి ద్వారా ఇంటికి నెట్ ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఇంటి మీద చిన్న పెట్టె బిగిస్తారు, టవరు నుంచి సిగ్నల్ అందుకుంటుంది. జియో ఎయిర్‌ఫైబర్‌ను 2023 సెప్టెంబరు 19న, మొదట ఎనిమిది మహానగరాల్లో, ప్రారంభించారు. దాని మొదటి ప్లాను 599 రూపాయలు, జీఎస్టీ వేరు. వేగం అదే 30 ఎంబీపీఎస్. అందులో టీవీ చానెళ్ళు, సినిమాల యాప్‌లు కలిపి ఉన్నాయన్న మాట నిజం. అయితే చానెళ్ళు వద్దు, నెట్ ఒక్కటే చాలు అనుకునే ఇంటికి తీగ మీద 399కే దొరికే వేగం గాలి మీద 599 అయింది. వాడకం హద్దు 3,300 జీబీ నుంచి 1,000 జీబీకి తగ్గింది. ఒకే కంపెనీ, ఒకే వేగం. మీ వీధిలో తీగ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఖర్చు మారిపోయింది.

ఇది మొబైల్ నెట్‌ను తక్కువ చేసి చెప్పడం కాదు. 2016 సెప్టెంబరు తర్వాత చౌక డేటా రాకపోతే మన పల్లెల్లో చాలామంది ఇంటర్నెట్ ముఖమే చూసేవారు కాదు. ఈ రోజుకీ దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవారిలో ఫోను మీద వాడేవారే అత్యధికులు. వందమందిని తీసుకుంటే ఇంటికి తీగ వేయించుకున్నవారు అయిదుగురి లోపే. ఆ అయిదుగురిలో మన పల్లెల వాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో పట్టణాల్లో వందమందికి 130కి పైగా ఫోను కనెక్షన్లు ఉంటే, పల్లెల్లో 60 లోపే ఉన్నాయి. ఫోను కనెక్షన్లలోనే ఇంత తేడా ఉంటే, ఇంటి తీగ మాట చెప్పనక్కరలేదు.

బ్రాడ్‌బ్యాండ్ అంటే ఎంత వేగం ఉండాలన్నది కూడా ప్రభుత్వం నిర్ణయించింది. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2013లో 512 చేశారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ అన్నారు. అంటే మీ ఊళ్ళో సెకనుకు రెండు మెగాబిట్లు వస్తే ప్రభుత్వ లెక్కలో మీకు బ్రాడ్‌బ్యాండ్ ఉన్నట్టే. నగరంలో 100 ఎంబీపీఎస్ తీసుకునే ఇల్లూ అదే గడిలో ఉంటుంది, రెండు ఎంబీపీఎస్‌తో నెట్టుకొచ్చే ఇల్లూ అదే గడిలో ఉంటుంది. అందుకే "మీ ప్రాంతంలో నెట్ ఉంది" అని ఎవరైనా చెబితే, "ఎంత వేగం, ఎంత ధర" అని తిరిగి అడగాలి.

ఈ తేడా ఎందుకు వస్తోంది? ఇందులో కంపెనీల దురాశ ఎంతో, నేల స్వభావం ఎంతో విడదీసి చూడాలి.

ఫైబర్ ఇంటికి ఎలా వస్తుందో చెబుతాను. ఎక్స్చేంజిలోనో, ఆపరేటరు గదిలోనో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక ఫైబర్ బయలుదేరుతుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం ఆ ఒక్క వెలుగును 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతుంది. ఇంట్లో మనం చూసే చిన్న డబ్బా చివరి మజిలీ. సాధారణంగా ఇరవై కిలోమీటర్ల దాకా ఈ వెలుగు బాగానే చేరుతుంది. అంటే సాంకేతికంగా ఆత్మకూరు నుంచి చుట్టూ ఉన్న పల్లెలకు వెళ్ళడం పెద్ద పనేమీ కాదు. అడ్డం వచ్చేది ఇళ్ళ లెక్క. పట్టణంలో అర కిలోమీటరు తీగ లాగితే అరవై ఇళ్ళు దొరుకుతాయి. తండాకు ఐదు కిలోమీటర్లు లాగితే పదో పదిహేనో కనెక్షన్లు వస్తాయి. స్తంభాలు, తీగ, మనిషి కూలీ పది రెట్లు, వచ్చే రాబడి నాలుగో వంతు. వ్యాపారి ఈ లెక్క చూసి ఆగిపోతాడు.

రెండో కారణం, హైదరాబాద్ నుంచి మండలం దాకా బ్యాండ్‌విడ్త్ తెచ్చే ఖర్చు. చిన్న ఆపరేటరు దాన్ని పెద్ద కంపెనీ దగ్గర టోకున కొనుక్కోవాలి. ఎక్కువ మంది అమ్మేవాళ్ళు ఉన్న చోట బేరం కుదురుతుంది. ఒక్కరే ఉంటే చెప్పిన రేటు ఇచ్చుకోవాలి. ఆ భారం చివరికి మన మీదే పడుతుంది, లేదా అదే బ్యాండ్‌విడ్త్‌ను ఎక్కువ ఇళ్ళకు పంచడం వల్ల సాయంత్రం ఏడు దాటాక వేగం పడిపోతుంది.

మూడోది పోటీ. మన దేశంలో టెలికాం ధరలను ప్రభుత్వం నిర్ణయించదు. కంపెనీలే నిర్ణయించుకొని, ప్రారంభించిన ఏడు పనిదినాల్లోగా ట్రాయ్‌కు తెలియజేస్తాయి. పోటీయే ధరను అదుపులో ఉంచుతుందన్నది ఇందులో ఉన్న నమ్మకం. నలుగురు పోటీ పడే చోట ఆ నమ్మకం నిలబడుతుంది, ఒక్కరే ఉన్న ఊళ్ళో నిలబడదు. అక్కడ కనెక్షన్ ఛార్జీ ఎంతంటే అంత, ఆరు నెలల అడ్వాన్సు అంటే అడ్వాన్సు, రౌటరు మా దగ్గరే కొనాలంటే అక్కడే కొనాలి. నెలవారీ రేటు ఒకేలా కనిపిస్తున్నా, మొదటి రోజు చేతి నుంచి పోయే డబ్బులో పల్లెకూ పట్టణానికీ తేడా ఇలా వస్తుంది.

నాలుగోది నిర్వహణ. మన దగ్గర తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వస్తుంది. గాలివాన వచ్చినా, కోతులు కొరికినా, రోడ్డు పనికి జేసీబీ వచ్చినా తెగిపోతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తర్వాత, విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్ళను తొలగించడం మొదలుపెట్టింది. నగరంలో ఎన్నో ఇళ్ళకు నెట్ ఆగింది. ప్రాణాల కంటే నెట్ ఎక్కువ కాదు. కానీ తీగను భద్రంగా భూమిలో వేయాలంటే ఎవరు వేయాలి, ఎవరి డబ్బుతో వేయాలి అన్న ప్రశ్నకు జవాబు కావాలి. నగరంలో తెగిన తీగ కొన్ని గంటల్లో అతుకుతుంది. లోపలి ఊళ్ళో తెగితే మనిషి రావడానికే రోజులు పడుతుంది.

జూరాల ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఇదంతా విడమరిచి చెప్పనక్కరలేదు. తూము దగ్గరి పొలానికి నీళ్ళకు లోటుండదు. చివరి ఆయకట్టు రైతు అదే పంట వేసి, అదే ఎదురుచూపు చూసి, ఆఖరికి మోటారు పెట్టుకొని నీళ్ళు కొనుక్కున్నంత ఖర్చు చేస్తాడు. కాలువ తవ్విన ప్రభుత్వానికి చివరి ఎకరం దాకా నీళ్ళు చేర్చే బాధ్యత ఉందని మనం ఎప్పటి నుంచో అడుగుతున్నాం. నెట్ విషయంలోనూ అదే అడగాలి.

అడగడానికి మనకు ఆధారాలు ఉన్నాయి. ప్రభుత్వాలు ఈ బాధ్యతను ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2002 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో సార్వత్రిక సేవా నిధి ఉంది. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కట్టాలి. కంపెనీలు కట్టేదంటే మన రీఛార్జి డబ్బుల్లోంచే. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం దీని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. లాభం రాని చోటికి కూడా సేవ చేర్చడమే దీని పని. చివరి తండా మనిషి రీఛార్జి చేసుకున్న ప్రతిసారీ ఈ నిధికి తన వంతు వేస్తున్నాడు. అందుకే తన ఊరికి తీగ అడగడం అతని హక్కు.

ఆ నిధితోనే కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఒక్కోదానికి 100 ఎంబీపీఎస్ చేర్చాలన్నది లక్ష్యం. తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదటి దశలో లక్ష పంచాయతీలు 2017 డిసెంబరుకు పూర్తయ్యాయని ప్రకటించారు. రెండో దశలో తెలంగాణ సహా కొన్ని రాష్ట్రాలు తామే ఈ పని చేపట్టాయి. అయినా చాలా పంచాయతీ కార్యాలయాల్లో పెట్టె గోడకు ఉండి, దానిలో దీపం వెలగని పరిస్థితి దేశమంతటా కనిపించింది. కారణాల్లో ఒకటి తీగ వేసిన తీరు. ఒక ఊరి తర్వాత ఇంకో ఊరుగా వరసన లాగుకుంటూ పోయారు. మధ్యలో ఎక్కడ తెగినా అవతలి ఊళ్ళన్నీ చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్ పథకాన్ని ఆమోదించినప్పుడు ఈ పద్ధతిని మార్చారు. ఇప్పుడు తీగను వలయంలా తిప్పుతారు. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి సిగ్నల్ వస్తుంది. కోటిన్నర గ్రామీణ ఇళ్ళకు కనెక్షన్లు ఇస్తామన్నది ఇందులో కొత్త మాట. పంచాయతీ దగ్గర ఆగిపోకుండా ఇంటి దాకా రావడమే దీనికి గీటురాయి.

మన రాష్ట్రానికి సొంత పథకం కూడా ఉంది. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం ఊరూరా కందకాలు తవ్వినప్పుడు, వాటిలోనే ఫైబర్ గొట్టాలు కూడా వేయాలని తెలంగాణ ఫైబర్ గ్రిడ్ సంస్థను, అంటే టీ ఫైబర్‌ను ఏర్పాటు చేశారు. మంచి ఆలోచన. నేల తవ్వడమే ఈ పనిలో పెద్ద ఖర్చు కాబట్టి, ఒక్క తవ్వకంతో రెండు పనులు కావాలన్నారు. 2024 డిసెంబరు 8న నాలుగు ఊళ్ళలో ప్రయోగాత్మకంగా ఇళ్ళకు కనెక్షన్లు ప్రారంభించారు. వాటిలో ఒకటి మన పక్క జిల్లా నారాయణపేటలోని మద్దూరు. నెలకు 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్ అన్నది ఆ ప్రకటన. అది నాలుగు ఊళ్ళ దగ్గర ఆగిపోకూడదు. రాష్ట్రంలో పన్నెండు వేలకు పైగా పంచాయతీలు ఉన్నాయి. మద్దూరుకు వచ్చిన 300 రూపాయల నెట్ ఆత్మకూరు మండలానికి, అమరచింతకు, మదనాపురానికి, గట్టుకు, లింగాలకు ఎప్పుడు వస్తుందో గడువుతో చెప్పమని అడగాలి.

పక్క రాష్ట్రం అనుభవం నుంచి కూడా నేర్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే తీగ లాగి, 149 రూపాయలకే నెట్, ఫోను, టీవీ ఇస్తామంది. అలంపురం దాటి తుంగభద్ర అవతల కర్నూలులో ఉన్నవారు ఆ రేటు చెబితే మనవాళ్ళు ఆశ్చర్యపోయారు. తర్వాత ఆ ధర నిలవలేదు, కనెక్షన్లు కూడా తగ్గాయి. చౌకగా ప్రారంభించడం ఒక ఎత్తు, ఏళ్ళ తరబడి నడపడం ఇంకో ఎత్తు. రిపేరు చేసే మనిషికి, స్థానిక ఆపరేటరుకు సకాలంలో డబ్బు అందకపోతే ఏ పథకమైనా మూలన పడుతుంది. కేరళ 2023 జూన్‌లో కే ఫోన్ ప్రారంభించి, పేద కుటుంబాలకు ఉచితంగా, మిగతావారికి 299 రూపాయల నుంచి నెట్ ఇవ్వడానికి పూనుకుంది. ఏ రాష్ట్రం చేసినా, అయిదేళ్ళ తర్వాత కూడా తీగ పనిచేస్తోందా అన్నదే అసలు పరీక్ష.

ఊరిని బట్టి ధర మారకూడదన్న సూత్రం మనకు కొత్త కాదు. 1854లో దేశంలో తపాలా చట్టం వచ్చినప్పుడు, దూరంతో పని లేకుండా తేలికపాటి ఉత్తరానికి అర్ధణా అని ఒకే రేటు పెట్టారు. పక్క ఊరికైనా అంతే, కలకత్తాకైనా అంతే. ఈ రోజు ఇంటి కరెంటు యూనిట్ ధర జూబ్లీహిల్స్‌కు ఎంతో గట్టు మండలానికీ అంతే. అడవిలో పెంటకు తీగ లాగడానికి ఖర్చు ఎక్కువ కాబట్టి యూనిట్‌కు రెండింతలు కట్టమని ఎవరూ అనలేదు. సమాజం మొత్తం ఆ భారం పంచుకుంది. ఇంటర్నెట్‌కు కూడా ఆ వరస రావాలి.

బయటి దేశాల్లో కొందరు ఇప్పటికే ఆ దారిన నడిచారు. ఫిన్లాండ్ 2010 జూలై 1 నుంచి ప్రతి పౌరుడికీ 1 ఎంబీపీఎస్ కనెక్షన్ చట్టబద్ధమైన హక్కు చేసింది, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్ పల్లెల్లో పెద్ద కంపెనీలు రాకపోతే, 2011లో ఊరివాళ్ళే బీఫోర్‌ఆర్‌ఎన్ అనే సంస్థ పెట్టుకున్నారు. రైతులు తమ పొలాల గుండా తీగ వేసుకోవడానికి డబ్బు అడగకుండా దారి ఇచ్చారు, తామే కందకాలు తవ్వారు. నగరాల్లో కూడా అప్పట్లో అరుదైన 1,000 ఎంబీపీఎస్ వేగం వాళ్ళ గొర్రెల దొడ్ల పక్కనున్న ఇళ్ళకు వచ్చింది. చెరువు కట్ట తెగితే ఊరంతా కదిలి మట్టి వేసే సంప్రదాయం ఉన్న మనకు ఇది అర్థం కాని విషయం కాదు.

శ్రోతలారా, దీనికి ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. ఎందుకంటే ప్రభుత్వమే మనల్ని నెట్ మీదికి నడిపించింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని స్థలాల్లో కూలీల హాజరును ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. భూమి రికార్డులు మొదట ధరణి పోర్టల్‌లోకి, ఇప్పుడు భూభారతిలోకి వెళ్ళాయి. రేషను బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు ముఖం గుర్తింపు, విత్తనానికి, రుణానికి ఓటీపీ. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ళు లేకపోతే నెట్ లేని ఇళ్ళ పిల్లల గతి ఏమయ్యేదో ఆలోచించండి. గద్వాల, అమరచింత, కొత్తకోట నేతన్న చీర మగ్గం నుంచి దించగానే వీడియో తీసి కొనేవారికి నేరుగా పంపగలిగితే మధ్యవర్తి మీద ఆధారపడడం తగ్గుతుంది. ఆ వీడియో వెళ్ళాలంటే పైకి పంపే వేగం కావాలి, అది ఫోను సిగ్నల్ మీద ఎప్పుడూ కుంటుతూనే ఉంటుంది. సేవలన్నీ ఆన్‌లైన్ చేసి, ఆ లైను మాత్రం కొన్ని ఊళ్ళకే ఇస్తే, మిగతా ఊళ్ళను హక్కుల నుంచే దూరం పెట్టినట్టు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పులో డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవన హక్కులో భాగమని చెప్పింది. దృష్టి లోపం ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసు అది. గ్రామీణులను కూడా మనసులో పెట్టుకొని ఆ మాట అన్నారు న్యాయమూర్తులు.

ఇప్పుడు మనం చేయగలిగినవి.

మొదటిది, కనెక్షన్ తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. జీఎస్టీ కలిపి నెలకు ఎంత? మొదటి రోజు కట్టే మొత్తం ఎంత, అందులో తిరిగి వచ్చేది ఎంత? ఎన్ని జీబీలు దాటాక వేగం తగ్గుతుంది, ఎంతకు తగ్గుతుంది? తెగితే ఎన్ని రోజుల్లో బాగు చేస్తారు? జవాబులు కాగితం మీదో, వాట్సాప్‌లోనో రాయించుకోండి.

రెండోది, మీకున్న రక్షణ తెలుసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి ట్రాయ్ కొత్త నాణ్యతా నియమాలు అమల్లోకి వచ్చాయి. ఇంటి తీగ పాడై మూడు రోజులు దాటినా బాగు చేయకపోతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. డబ్బు కట్టాక దాదాపు అన్ని కనెక్షన్లూ ఏడు రోజుల్లో ఇవ్వాలి. మొబైల్ కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడ ఉందో చూపించే పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలి. మీ ఊరు ఆ పటంలో రంగుతో ఉండి, బయట సిగ్నల్ లేకపోతే అది ఫిర్యాదుకు గట్టి ఆధారం. ముందు కంపెనీ దగ్గర ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. వినకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

మూడోది, చిన్న దుకాణం ఉన్నవారు పీఎం వాణి పథకం గురించి తెలుసుకోండి. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో, లైసెన్సు ఫీజు లేకుండా దుకాణం దగ్గర వైఫై పెట్టి కొద్ది కొద్దిగా నెట్ అమ్మవచ్చు. మొదట్లో కంపెనీలు ఇలాంటి దుకాణాలకు మామూలు ఇంటి రేటు కాకుండా వ్యాపార రేటు వేయడంతో గిట్టుబాటు కాలేదు. 2025 జూన్‌లో ట్రాయ్, 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి రేటుకు రెండు రెట్లకు మించి తీసుకోకూడదని హద్దు పెట్టింది. తండాలో ఒక్క దుకాణం ముందుకు వచ్చినా పది రూపాయలతో అవసరం గడిచే ఇళ్ళు చాలా ఉన్నాయి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గ్రామసభ. మీ పంచాయతీకి భారత్‌నెట్ తీగ వచ్చిందా, పెట్టె పనిచేస్తోందా, ఎప్పటి నుంచి ఆగింది అన్న మూడు ప్రశ్నలు తీర్మానంలో రాయించండి. బడికి, అంగన్‌వాడీకి, ఆరోగ్య ఉపకేంద్రానికి కనెక్షన్ అడగండి. రోడ్డు తవ్వే ముందు భూమిలో తీగ ఉందేమో చూసుకోవడానికి 2023లో కేంద్రం ఒక యాప్ కూడా తెచ్చింది, కాంట్రాక్టరు దాన్ని వాడాడా అని అడగండి. నల్లమల చెంచు పెంటలకు 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలో మొబైల్ టవర్లు కూడా ఉన్నాయి. మన్ననూరు, అప్పాపూర్ వైపు పనిచేసే ఉద్యోగులు, సంఘాలు దాన్ని వెంటపడి సాధించాలి.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి కోరుతున్నాను. 2021 ఆగస్టులో ట్రాయ్, గ్రామీణ ఇళ్ళ ఇంటర్నెట్ బిల్లులో సగం, నెలకు 200 రూపాయలకు మించకుండా నేరుగా ఖాతాలో వేసే పథకాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టమని సిఫారసు చేసింది. 471 రూపాయల బిల్లు అలా 271కి దిగితే మన నేతన్న ఇంటికి, కూలీ ఇంటికి అది అందుబాటులోకి వస్తుంది. కనెక్షన్లు పెరిగితే తీగ వేసిన ఖర్చు వ్యాపారికి కూడా గిట్టుతుంది. ఆ సిఫారసును మన జిల్లాల్లాంటి వెనుకబడిన చోట్ల ముందుగా అమలు చేయాలి.

సంస్థానాల కాలంలో గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. ఆత్మకూరు, వనపర్తి, కొల్లాపురం కోటలకు దూరదేశాల పండితులు నడిచి వచ్చేవారు. చదువు కోసం, కవిత్వం కోసం ఖర్చు పెట్టడం ఈ నేలకు తెలుసు. ఈ కాలంలో చదువూ, వైద్యమూ, వ్యాపారమూ ఒక సన్నని గాజు తీగ మీద ప్రయాణం చేస్తున్నాయి. ఆ తీగ జిల్లా కేంద్రంలో ఆగిపోవడానికి మనం ఒప్పుకోకూడదు. వచ్చే గ్రామసభ ఎజెండాలో ఇంటర్నెట్ అన్న అంశం చేర్చమని మీ పంచాయతీ కార్యదర్శికి ఒక దరఖాస్తు ఇవ్వండి. ఒక ఊరు అడిగితే విన్నపం అవుతుంది. మూడు జిల్లాల ఊళ్ళన్నీ అడిగితే దానికి సమాధానం చెప్పక తప్పదు.